కచ్చులూరు దగ్గర గోదావరి: మునిగిన బోటు, ముందుకొచ్చిన నాటు పడవలు

ఈ ఎపిసోడ్ ఒక పడవ గురించి. పడవ మునగడం అనంగనే మనకు ముందు టైటానిక్ యాదికొస్తది. 1912 ఏప్రిల్ 15, అట్లాంటిక్ సముద్రం, మంచుకొండ, చివరిదాకా వాయించిన బ్యాండ్ వాళ్లు. ఈ కథ మనకు సినిమా పుణ్యమా అని కంఠతా వచ్చు. కానీ మన నది మీద, మన మనుషులు ఎక్కిన పడవ మునిగిన కథ అడిగితే మాత్రం "ఆఁ, అప్పుడెప్పుడో టీవీలో చూసినం" అంటాం. 2019 సెప్టెంబర్ 15, ఆదివారం. గోదావరి. పాపికొండలు. కచ్చులూరు. 77 మందితో పోయిన బోటు. 26 మంది బతికారు. 51 మంది చనిపోయారు లేదా గల్లంతయ్యారు.

ఇది మరీ పాత సంగతేం కాదు, దీన్ని చరిత్ర అంటావేంది అని మీరు అడగొచ్చు. నా లెక్కలో ఇది చరిత్రే. ఎందుకంటే ఈ ప్రమాదం వెనకాల నూట యాభై ఏళ్లకు పైబడ్డ పడవల కథ ఉంది. ఆ రోజు నీళ్లలోకి దిగి మనుషుల్ని పట్టుకొచ్చినవాళ్ల ఊళ్ల కథ ఉంది. ఆ ఊళ్లు కూడా ఇప్పుడు పోతున్నాయి. అందుకని రాసి పెట్టుకోవాల్సిన సమయం ఇదే.

మన దగ్గర నుంచే మొదలు పెడదాం. నిజామాబాద్ జిల్లా రెంజల్ మండలం, కందకుర్తి. నాసిక్ పక్కన త్ర్యంబకంలో పుట్టిన గోదావరి మహారాష్ట్ర దాటుకొని తెలంగాణలో అడుగు పెట్టేది ఇక్కడే. మంజీర, హరిద్ర వచ్చి కలుస్తాయి కాబట్టి త్రివేణి సంగమం అంటాం. ఎండాకాలం ఇసుక తేలితే నదిలో ఉన్న పాత రాతి శివాలయం మొత్తం కనిపిస్తది, వానాకాలం అదే గుడి నీళ్లలో మునుగుతది. బోధన్ దిక్కు చెరుకు, వరి వేసేవాళ్లకు గోదావరి, మంజీర అంటే పంట నీళ్లు. నిజాంసాగర్, పోచంపాడ్ గేట్లు ఎన్ని ఎత్తారు, ఎన్ని క్యూసెక్కులు వదిలారు, ఇదీ మన ముచ్చట. అంటే ఇక్కడ మనకు తెలిసిన గోదావరి వెడల్పుగా, పరుచుకొని పారే గోదావరి.

ఇదే నది ఇక్కడి నుంచి బాసర, పోచంపాడ్, ధర్మపురి, కాళేశ్వరం మీదుగా పోతది. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత, తర్వాత ఇంద్రావతి, భద్రాచలం దాటినంక కూనవరం దగ్గర శబరి కలుస్తాయి. నిజం చెప్పాలంటే కింద గోదావరికి వచ్చే పెద్ద వరద ఎక్కువగా ఈ మూడు నదులదే. అంత నీళ్లూ కలిసినంక నది తూర్పు కనుమల్లోకి దూరుతది. అక్కడ దారి ఇరుకు. రెండు దిక్కులా కొండలు. వాటినే మనం పాపికొండలు అంటున్నాం.

ఇక్కడ కొంచెం లెక్క చూద్దాం, భయపడకండి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు అడుగు నీళ్లు, దాదాపు 28 లీటర్లు. ఆ ఆదివారం గోదావరిలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం ఉంది. అంటే సెకనుకు సుమారు 1.4 కోట్ల లీటర్లు. ఒక ఒలింపిక్ స్విమ్మింగ్ పూల్‌లో 25 లక్షల లీటర్లు పడతాయి అనుకుంటే, సెకనుకు ఐదారు పూల్స్ మీ ముందు నుంచి పోతున్నట్టు. రాజమండ్రి దగ్గర నది కిలోమీటర్ల వెడల్పు, కాబట్టి ఆ నీళ్లు సర్దుకుంటాయి. కొండల మధ్యలో వెడల్పు కొన్ని వందల మీటర్లే. అదే నీళ్లు, తక్కువ జాగా. అప్పుడు లోతు పెరగాలి, వేగం పెరగాలి, ఇంకో దారి లేదు. దానికి తోడు నది మలుపు తిరిగే చోట, అడుగున బండలున్న చోట నీళ్లు తిరగబడి సుడులు కడతాయి. కచ్చులూరు మందం అని పిలిచే చోటు అలాంటిదే. పైనుంచి చూస్తే నీళ్లు మెల్లగా తిరుగుతున్నట్టు ఉంటది, కింద పరిస్థితి వేరే.

ఇంకో సంగతి గమనించండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చేది సుమారు 10 లక్షల క్యూసెక్కులకు. 1986లో అక్కడ దాదాపు 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. వాటి పక్కన 5 లక్షలు పెట్టి చూస్తే "ఏముంది, మామూలు వరదే కదా" అనిపిస్తది. కానీ ఆ హెచ్చరికలు పెట్టింది ఒడ్డున ఉన్న ఊళ్ల కోసం, పొలాల కోసం. ఇరుకు కొండల మధ్య, సుడుల పక్కనుంచి రెండంతస్తుల బోటు పోవచ్చా లేదా అనేది వేరే ప్రశ్న. ఒక ప్రశ్నకు రాసుకున్న జవాబుతో ఇంకో ప్రశ్నకు మార్కులు వేసుకుంటే ఎట్ల ఉంటది? సాఫ్ట్‌వేర్‌లో పని చేసినవాళ్లకు ఇది బాగా తెలుసు. టెస్టులన్నీ పాస్ అయితయి, కానీ అసలు టెస్ట్ చేయాల్సింది ఎవరూ రాయలేదు.

ఇప్పుడు కొంచెం వెనక్కి పోదాం. గోదావరిని పడవల దారిగా మార్చాలన్న ఆలోచన ఇంగ్లీషు దొరల కాలం నాటిది. 1847 నుంచి 1852 మధ్యలో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. ఆయనకు కాలువలంటే పంట నీళ్లు మాత్రమే కాదు, పడవల రోడ్లు కూడా. రైలు కంటే నీటి దారి చవక అని ఆయన వాదన. ఆ ఆలోచనతోనే ఎగువ గోదావరి పథకం వచ్చింది. నాగపూర్, బేరార్ దిక్కు పండే పత్తిని గోదావరి మీదుగా సముద్రానికి తేవాలని ప్లాన్. ఇంజనీర్ హేగ్ ఆ పని చూశాడు. నదిలో పడవలు పోలేని రాళ్ల చోట్లు మూడు ఉంటే, వాటిని దాటడానికి ఆనకట్ట, లాకులు, కాలువ కట్టడం మొదలు పెట్టారు. భద్రాచలం పైన దుమ్ముగూడెంలో ఆ ఆనకట్ట మీరు ఇప్పటికీ చూడొచ్చు. నదికి అవతలి ఒడ్డు అప్పట్లో నిజాం రాజ్యం. 1860లో భద్రాచలం ప్రాంతాన్ని నిజాం ఇంగ్లీషు వాళ్లకు ఇచ్చేశాడు. అయినా పథకం గట్టెక్కలేదు. ఖర్చు పెరిగింది, రైళ్లు వచ్చాయి, 1871లో వదిలేశారు.

పెద్ద పథకం పోయింది గాని పడవలు పోలేదు. రాజమండ్రి, పోలవరం నుంచి పైకి లాంచీలు నడిచేవి. కొండల మధ్యలో కొండరెడ్లు, కోయలు ఉండే ఊళ్లు ఉన్నాయి. చాలా ఊళ్లకు రోడ్డు లేదు. వాళ్లకు లాంచీయే ఆర్టీసీ బస్సు. లాంచీయే అంబులెన్సు. సంతకు పోవాలన్నా, పింఛను తెచ్చుకోవాలన్నా, పురుడొచ్చిన మనిషిని ఆస్పత్రికి చేర్చాలన్నా ఏటి మీదే. అదే నది మనకు మాత్రం సినిమాల్లో దొరికింది. 1973లో బాపు గారి 'అందాల రాముడు'లో కథంతా రాజమండ్రి నుంచి భద్రాచలం పోయే లాంచీ మీదే. 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' కూడా బోటు ప్రయాణమే. ఆ సినిమా చూసి ఒక్కసారైనా పాపికొండలు పోవాలని అనుకోనివాళ్లు మన హైదరాబాద్, వరంగల్, నిజామాబాద్‌లలో తక్కువ. అట్ల టూరిస్టు బోట్లు పెరిగాయి. రెండు డెక్కులు, కింద హాలు, పైన డీజే, డ్యాన్సులు, మధ్యాహ్నం భోజనం. ఒక్క రోజు ప్యాకేజీ.

2019 కంటే ముందు హెచ్చరికలు లేవా? ఉన్నాయి. 2017 నవంబర్ 12న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం వద్ద కృష్ణా నదిలో టూరిస్టు బోటు తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. చాలామంది ఒంగోలు నుంచి వచ్చినవాళ్లు. 2018 మే 11న దేవీపట్నం దగ్గర గోదావరిలో పాపికొండలు పోతున్న బోటుకు నిప్పంటుకుంది. ఒడ్డుకు చేర్చగలిగారు కాబట్టి ప్రయాణికులు బతికిపోయారు. సరిగ్గా నాలుగు రోజులకు, మే 15న, అదే దేవీపట్నం మండలం మంటూరు దగ్గర కొండమొదలు నుంచి వస్తున్న లాంచీ గాలివానకు మునిగింది. అది టూరిస్టు బోటు కాదు, గిరిజనులు రోజూ ఎక్కే లాంచీ. వాన కొడుతోందని తలుపులు మూసుకుని కూర్చున్నవాళ్లు లోపలే చిక్కుకుపోయారు. ఈ మంటూరు సంగతి గుర్తు పెట్టుకోండి. మూసి ఉన్న హాలు, తిరగబడ్డ పడవ. ఏడాదిన్నర కూడా తిరగకుండానే ఇదే మళ్లీ వచ్చింది.

ఇక ఆ రోజుకు వద్దాం. వరద వల్ల కొన్ని రోజులు ఆగిన బోట్లు మళ్లీ కదిలిన ఆదివారం అది. రాయల్ వశిష్ట పున్నమి అనే ప్రైవేటు బోటు గండి పోచమ్మ గుడి దగ్గర నుంచి పొద్దున బయలుదేరింది. హైదరాబాద్ వాళ్లున్నారు, విశాఖ వాళ్లున్నారు, వరంగల్ పక్కన కడిపికొండ నుంచి 14 మంది కలిసి వచ్చారు. ఆ 14 మందిలో తిరిగి ఇంటికి పోయింది ఐదుగురే. మధ్యాహ్నం భోజనాల వేళకు బోటు కచ్చులూరు దగ్గరికి చేరింది. అక్కడ సుడుల్లో పట్టు తప్పి ఒక పక్కకు ఒరిగింది. జనం అటు జారారు. అంతే, తిరగబడింది.

బోటు ఎందుకు తిరగబడుతుందో సింపుల్‌గా చెప్తా. మీరు స్టీలు బిందె తలకిందులుగా కాకుండా నీళ్లలో పెడితే తేలుతుంది, అడుగున బరువు ఉంటే ఇంకా స్థిరంగా తేలుతుంది. అదే బిందె అంచు మీద బరువు పెట్టండి, కొంచెం తగిలినా బోర్లా పడుతుంది. రెండంతస్తుల బోటులో పై డెక్ మీద ఎంత ఎక్కువ జనం ఉంటే బరువు అంత పైకి పోయినట్టు. మామూలుగా బోటు ఒరిగితే నీళ్లే దాన్ని మళ్లీ నిలబెట్టడానికి చూస్తాయి. కానీ ఒరిగినప్పుడు లోపలున్న మనుషులు, కుర్చీలు, సామాన్లు అన్నీ ఆ పక్కకే జారితే, నిలబెట్టే బలం కంటే పడగొట్టే బలం ఎక్కువైపోతుంది. ఆ తర్వాత డ్రైవర్ ఎంత తిప్పినా ఉపయోగం ఉండదు. సెకన్ల ఆట.

బోటులో లైఫ్ జాకెట్లు ఉన్నాయి. బతికినవాళ్లు చెప్పినదాన్ని బట్టి చాలామంది వాటిని విప్పేసి ఉన్నారు. ఉక్కపోత, భోజనం, ఫోటోలు. జాకెట్ వేసుకుని ఉన్నవాళ్లు తేలారు. ఇందులో ప్రయాణికుణ్ని తిట్టడానికి ఏమీ లేదు. విమానంలో సీటు బెల్టు పెట్టుకున్నామా లేదా అని ఒక మనిషి వచ్చి చూసి పోతుంది. బోటులో "జాకెట్ విప్పితే బోటు ఆపుతా" అనేవాళ్లు ఎవరూ లేరు.

ఇప్పుడు ధైర్యం సంగతి. బోటు ఒరిగిన ఆ కొద్ది క్షణాల్లో లోపల ఏం జరిగిందో బతికొచ్చినవాళ్లు చెప్పిన మాటల నుంచే మనకు తెలుసు. తన మనిషిని పైకి నెట్టి, తాను నీళ్లలోకి జారిపోయిన భర్త ఉన్నాడు. ఒరిగిన బోటు పైకి ఎక్కి, కింద ఉన్నవాళ్ల చేయి పట్టి లాగినవాళ్లున్నారు. వీళ్లెవరూ ట్రైనింగ్ తీసుకున్నవాళ్లు కాదు. ఉద్యోగస్తులు, రైల్వే రిటైర్డ్ ఉద్యోగులు, ఇంట్లో పిల్లల్ని చూసుకునేవాళ్లు. పొద్దున టిఫిన్ తిని సెల్ఫీలు దిగినవాళ్లు. బోటు నడిపిన డ్రైవర్లు కూడా ఆ నీళ్లలోనే పోయారు.

అదే టైంలో ఒడ్డున ఉన్న తూటుగుంట ఊరివాళ్లు ఇది చూశారు. ఆగి ఆలోచించలేదు, సైరన్ కోసం, ఆర్డర్ కోసం చూడలేదు. చేపలకు పోయే తమ పడవలు తీసుకుని ఏట్లోకి దిగారు. ఒక్కసారి ఆలోచించండి. రెండంతస్తుల బోటును తిప్పేసిన సుడి అది. దాని దగ్గరికి చిన్న పడవ మీద పోవాలి. నీళ్లలో కొట్టుకునే మనిషి దొరికిందల్లా పట్టుకుని లాగుతాడు, పడవ అంచు మీద పదిమంది ఒకేసారి పడితే పడవే బోల్తా. ఇవన్నీ వాళ్లకు తెలుసు. తెలిసే పోయారు. ప్రవాహం మనుషుల్ని ఎటు తీసుకుపోతుందో తెలుసు కాబట్టి అటు పోయి, జాకెట్లతో తేలుతున్నవాళ్లను ఒక్కొక్కరిని ఎక్కించుకున్నారు. బతికిన 26 మందిలో ఎక్కువ మంది ఒడ్డుకు చేరింది ఆ ఊరివాళ్ల చేతుల మీదుగానే. జాతీయ, రాష్ట్ర విపత్తు దళాలు, నేవీ హెలికాప్టర్లు తర్వాత వచ్చాయి. వాళ్ల పని వాళ్లు చేశారు. కానీ నీళ్లలో మనిషి ప్రాణానికి ఉండే టైం నిమిషాల్లో ఉంటది. రోడ్డు లేని ఆ కొండల్లోకి నిమిషాల్లో రాగలిగేది పక్క ఊరివాడే.

దీన్ని ప్రపంచంలో ఇంకొన్ని పడవల పక్కన పెట్టి చూద్దాం. 1942 నవంబర్ 23. బొంబాయి నుంచి ఆఫ్రికాకు పోతున్న ఎస్.ఎస్. తిలావా అనే ఓడను జపాన్ సబ్‌మెరైన్ టార్పెడోతో కొట్టింది. 280 మంది పోయారు. ఇండియన్ టైటానిక్ అని దాన్నే అంటారు. ఆ ఓడలో రేడియో ఆఫీసర్ ఇ.బి. డంకన్ దిగిపోయే అవకాశం వదులుకుని, సాయం కోసం సందేశాలు పంపుతూనే ఓడతో పాటు మునిగాడు. 678 మంది బతికారు. 2014 ఏప్రిల్ 16న దక్షిణ కొరియాలో సెవోల్ ఫెర్రీ. స్కూలు పిల్లల్ని "ఉన్నచోటే ఉండండి" అని మైకులో చెప్తూ ఉన్నారు, కెప్టెన్ మాత్రం ముందే బయటపడ్డాడు. 304 మంది పోయారు. అదే ఓడలో 22 ఏళ్ల సిబ్బంది అమ్మాయి పార్క్ జీ యంగ్ పిల్లలకు జాకెట్లు అందించి, తనకు లేకుండా చేసుకుని పోయింది. 1991 ఆగస్టులో దక్షిణాఫ్రికా తీరంలో ఓషియానోస్ అనే ఓడ మునుగుతుంటే, కెప్టెన్ ముందే హెలికాప్టర్ ఎక్కి వెళ్లిపోయాడు. ఓడలో గిటార్ వాయించే మాస్ హిల్స్, ఆయన తోటి కళాకారులు కలిసి జనాన్ని ఒక్కొక్కరిని పైకి పంపించారు. 571 మందిలో ఒక్కరు కూడా చనిపోలేదు.

ఈ మూడింటినీ, కచ్చులూరునూ కలిపి చూస్తే ఒకటి అర్థమైతది. ధైర్యం హోదాను చూసి రాదు. టోపీ, యూనిఫాం ఉన్నాయని రాదు. రేడియో ముందు కూర్చున్నాయనకు వచ్చింది, గిటార్ వాయించే ఆయనకు వచ్చింది, చేపలు పట్టే తూటుగుంట మనిషికి వచ్చింది. ఇంతవరకు చెప్పి ఆపేస్తే వీడియో బాగుంటది, అందరికీ గుండె నిండుతది. కానీ ఆపేస్తే అబద్ధం చెప్పినట్టే. ఎందుకంటే ఆ 51 మంది సంగతి మిగిలిపోతుంది.

తూటుగుంట పడవలు ఎవరి దాకా చేరగలిగాయి? నీళ్ల మీద తేలినవాళ్ల దాకా. కింద హాల్లో చిక్కుకున్నవాళ్ల దాకా ఎవరి ధైర్యమూ చేరలేదు, చేరలేదు కూడా. 38వ రోజున బోటును బయటికి తీస్తే లోపల ఇంకా మృతదేహాలు ఉన్నాయి. ఓషియానోస్‌లో అందరూ బతికారంటే, ఓడ మునగడానికి గంటల టైం పట్టింది, హెలికాప్టర్లు వచ్చాయి. ఇక్కడ టైం లేదు. అలాంటి చోట మనిషిని కాపాడేది ముందు రోజు తీసుకున్న నిర్ణయాలే. ఈ వరదకు బోటు వదలాలా? ఎంతమందిని ఎక్కించాలి? పై డెక్ మీద ఎందరు? జాకెట్ విప్పనివ్వాలా? కింద హాలుకు ఎన్ని దారులు? మా భాషలో చెప్పాలంటే, ధైర్యం అనేది ఎర్రర్ వచ్చినంక పనిచేసే కోడ్. దాని మీదే సిస్టం అంతా నడుస్తోందంటే, ముందు రాయాల్సింది ఎవరో రాయలేదన్నమాట.

టైటానిక్ కూడా ఇదే చెప్తుంది. అందులో సుమారు 2,200 మంది ఉంటే, ఉన్న 20 లైఫ్ బోట్లలో పట్టేది 1,178 మందికే. పైగా అప్పటి బ్రిటిష్ రూల్ ప్రకారం అది తప్పు కూడా కాదు, రూల్ అడిగిన దానికంటే ఎక్కువే ఉన్నాయి. రూల్ చిన్న ఓడల కాలంలో రాసింది, ఓడ పెద్దదైంది, రూల్ అక్కడే ఉంది. 1,500 మందికి పైగా పోయినంక 1914లో సముద్ర ప్రయాణ భద్రత కోసం దేశాలు కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. మన నదుల సంగతి? కచ్చులూరు నాటికి దేశంలో నదుల మీద పడవలకు ఉన్న చట్టం 1917 నాటిది. టైటానిక్ మునిగిన ఐదేళ్లకు రాసిన ఇంగ్లీషు చట్టం. దాని స్థానంలో కొత్త ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం 2021లో వచ్చింది.

ఇంకో చిన్న విషయం, కానీ నాకు ఇదే ఎక్కువ బాధ అనిపిస్తది. ప్రమాదం రోజు బోటులో ఎంతమంది ఉన్నారో ఎవరికీ సరిగ్గా తెలియదు. ముందు 61 అన్నారు, తర్వాత 73 అన్నారు, చివరికి 77 అయింది. ప్రతి ఇంటి నుంచి ఫోన్లు వచ్చిన కొద్దీ అంకె పెరిగింది. ఒక నోట్‌బుక్‌లో పేరు, ఫోన్ నంబర్ రాసుకుని ఒక కాపీ ఒడ్డున ఉంచితే అయిపోయే పని. మనం ఊబర్ ఎక్కితే ఏ బండి, ఏ రోడ్డు, ఏ నిమిషం అన్నీ రికార్డు అవుతాయి.

బోటును పైకి తీసిన కథ కూడా చెప్పుకోవాలి. అది 200 అడుగులకు పైగా లోతులో, బురదలో కూరుకుపోయి ఉంది. సోనార్‌లతో, కెమెరాలతో వెతికారు. నీళ్లు ఎర్రగా ఉన్నాయి, వేగం ఎక్కువ, డైవర్లు దిగలేని పరిస్థితి. అప్పుడు కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం, ఆయన మనుషులు వచ్చారు. సుమారు 22 లక్షల 70 వేల రూపాయల కాంట్రాక్టు. వాళ్ల దగ్గర ఉన్నది లంగర్లు, ఇనుప తాళ్లు, పొక్లెయిన్, కొన్నేళ్ల అనుభవం. తాడును నది అడుగున వలలా తిప్పి, బోటుకు చుట్టుకునేలా చేసి ఒడ్డు మీద నుంచి లాగాలి. మొదట తాళ్లు నదికే వదిలేయాల్సి వచ్చింది. మధ్యలో వరద పెరిగితే పని ఆపారు. మళ్లీ మొదలు పెట్టారు. అక్టోబర్ 22న బోటు పైకి వచ్చింది. ఆయన దీన్ని వీరత్వం అనుకుని చేసి ఉండకపోవచ్చు, పని ఒప్పుకున్నాం కాబట్టి చేయాలి అనుకునే చేసి ఉండొచ్చు. కానీ ఒడ్డున నెల రోజులుగా కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తున్న కుటుంబాలకు, తమవాళ్లను చివరిసారి ఇంటికి తీసుకుపోయే అవకాశం ఇచ్చింది ఆ పని.

ప్రమాదం తర్వాత గోదావరిలో టూరిస్టు బోట్లన్నీ ఆపేశారు. చనిపోయినవాళ్ల కుటుంబాలకు పరిహారం ప్రకటించారు. బోట్లను చూసుకోవడానికి కంట్రోల్ రూములు పెట్టారు. ఎవరు లైసెన్స్ ఇవ్వాలి, ఎవరు వరద చూడాలి, ఎవరు జనాన్ని లెక్కపెట్టాలి అనేది పోర్టులు, ఇరిగేషన్, టూరిజం, పోలీసు అని పంచుకుని ఉన్న పనులను ఒక చోటికి తేవాలన్న ఆలోచన వచ్చింది. కొన్నాళ్లకు పాపికొండలు బోట్లు మళ్లీ మొదలయ్యాయి.

మరి ఆ రోజు పడవలు వేసుకుని పోయినవాళ్ల ఊళ్లు? దేవీపట్నం మండలంలో ఏటి ఒడ్డు ఊళ్లు చాలావరకు పోలవరం ముంపు కింద ఉన్నాయి. బోటు బయలుదేరిన గండి పోచమ్మ గుడి దాకా వరద నీళ్లు వస్తున్నాయి. చాలా కుటుంబాలను నదికి దూరంగా కొత్త కాలనీలకు పంపారు, పంపుతున్నారు. ప్రాజెక్టు కావాలా వద్దా అనే చర్చ ఈ ఎపిసోడ్‌లో పెట్టను, అది వేరే పెద్ద సబ్జెక్టు. మన శ్రీరాంసాగర్, నిజాంసాగర్ కింద కూడా ఊళ్లు పోయినయే. నేను చెప్పేది ఒక్కటే. ఏ మలుపు దగ్గర సుడి ఉంటది, ఏ నెలలో ఏ పక్కనుంచి పోవాలి, మునిగిన మనిషి ఎక్కడ తేలుతాడు అనే లెక్క ఏ సర్వరులోనూ లేదు. అది ఆ మనుషుల దగ్గరే ఉంది. వాళ్లు నది వదిలి పోతే ఆ తెలివి కూడా పోతుంది. బోట్లు నడిపే డిపార్ట్‌మెంటులో, రెస్క్యూ టీముల్లో ముందుగా ఉద్యోగం ఇవ్వాల్సింది వాళ్ల పిల్లలకు అని నా అభిప్రాయం. సన్మానం, శాలువా ఒక్క రోజు. జీతం ఇచ్చి ఒడ్డున కూర్చోబెడితే రేపు ఎంతమంది బతుకుతారో.

ఇది మన నిజామాబాద్‌కు కూడా దూరం ముచ్చట కాదు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. బాసర, కందకుర్తి, పోచంపాడ్ అన్ని ఘాట్లకూ లక్షల్లో జనం వస్తారు. పుణ్యం పేరుతో, ఫోటోల పేరుతో పడవలు ఎక్కేవాళ్లు ఉంటారు. ఇక్కడ పాపికొండలంత లోతు లేకపోవచ్చు, కానీ నీళ్లకు అడుగుల లెక్క అక్కర్లేదు. కాబట్టి నాలుగు మాటలు.

ఎక్కే ముందు మీ పేరు, ఫోన్ నంబర్ ఎవరైనా రాసుకున్నారా చూడండి. రాసుకోకపోతే మీరే ఒడ్డున ఉన్న ఒకరికి మెసేజ్ పెట్టండి: ఏ బోటు, ఎంతమందిమి, ఎన్నింటికి బయలుదేరాం. జాకెట్ వేసుకున్నాక అన్ని క్లిప్పులూ, తాళ్లూ బిగించండి, తినేటప్పుడు కూడా విప్పొద్దు. పిల్లలకు పెద్దవాళ్ల జాకెట్ వేస్తే అది పైనుంచి జారిపోతుంది, పిల్లల సైజే అడగండి. మూసి ఉన్న హాల్లో కూర్చోవాల్సి వస్తే బయటికి దారి ఎక్కడుందో ముందే చూసుకుని, దాని దగ్గర కూర్చోండి. "అటు చూడండి, భలే ఉంది" అనంగనే అందరూ ఒకే పక్కకు ఉరకొద్దు. వరద ఉన్న రోజు డ్రైవర్ ఇబ్బందిగా మొహం పెడితే, టికెట్ డబ్బులు పోతాయని ఆయన్ను బలవంతం చేయొద్దు. ఆ డబ్బులు మళ్లీ సంపాదించుకోవచ్చు.

ఇంకా, మీలో ఎవరైనా పాపికొండలు పోతే, దారిలో ఏటి ఒడ్డున చిన్న పడవలు కట్టేసి కనిపిస్తాయి. గైడ్ వాటి గురించి ఏమీ చెప్పకపోవచ్చు. మీ పక్కన కూర్చున్న పిల్లలకు మీరు చెప్పండి, 2019లో 26 మందిలో ఎక్కువ మంది ఇంటికి పోయింది అలాంటి పడవల మీదే అని.

ఈ ఎపిసోడ్ ఇంతే. దుమ్ముగూడెం ఆనకట్ట, హేగ్ దొర పథకం మీద ఫుల్ వీడియో కావాలంటే చెప్పండి, చేద్దాం.